తెలుసు గానీ ఇంకా చేతకాదు: పిల్లల మెదడు, కోపతాపాలపై మీ ప్రశ్నలు

"ఎన్నిసార్లు చెప్పినా వినడు." ఈసారి ఉత్తరాల్లో పదేపదే కనిపించిన మాట ఇది. రెండేళ్ల పిల్లవాడి తల్లి రాసినా, పదమూడేళ్ల అమ్మాయి తండ్రి రాసినా అడుగున ఉన్న దిగులు ఒకటే: మనం చెప్పేది బిడ్డ తలకెక్కడం లేదా అని. చాలాసార్లు ఎక్కుతుంది. అయితే ఎక్కినదాన్ని సమయానికి చేతల్లో పెట్టే భాగం మెదడులో అన్నిటికన్నా ఆలస్యంగా తయారవుతుంది. కింది జవాబులన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతాయి.

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు. చెల్లెలు బొమ్మ ముట్టుకుంటే చాలు, "కొట్టకూడదు" అని నోటితో అంటూనే కొడతాడు. తప్పా అని అడిగితే తప్పే అంటాడు. పది నిమిషాలకు మళ్లీ అదే. కావాలనే చేస్తున్నాడా?

జవాబు: కావాలని కాదు. మీరు చూస్తున్నదాన్నే పరిశోధకులు కార్డులతో చాలాసార్లు పరీక్షించారు. ఎర్ర కుందేళ్లు, నీలం పడవలు లాంటి బొమ్మలున్న కార్డులిచ్చి ముందు రంగును బట్టి రెండు డబ్బాల్లో వేయమంటారు. కొన్ని వేశాక, "ఇప్పుడు రంగు చూడొద్దు, బొమ్మను చూసి వెయ్యి" అంటారు. మూడేళ్ల పిల్లల్లో ఎక్కువమంది రంగు ప్రకారమే వేస్తూ పోతారు. అక్కడ ఆపి, "బొమ్మల ఆటలో కుందేళ్లు ఏ డబ్బాలోకి?" అని అడిగితే సరైన డబ్బాకే వేలు చూపిస్తారు. వేలు చూపించిన మరుక్షణం కార్డు తీసి తప్పు డబ్బాలో వేస్తారు! నియమం తెలుసు. చేతికి అలవాటైన పనిని ఆపే బ్రేకు ఇంకా బిగుసుకోలేదు. నాలుగు, ఐదేళ్లు వచ్చేసరికి చాలామంది ఇదే ఆటను తేలిగ్గా ఆడేస్తారు.

ఆ బ్రేకు ఉండేది నుదుటి వెనక, ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో. మెదడు పైపొర స్థూలంగా వెనక నుంచి ముందుకు పక్వానికొస్తుంది కాబట్టి దీని వంతు చివర్లో వస్తుంది. నాడీ తంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు ఏర్పడితేనే సంకేతాలు వేగంగా వెళ్తాయి. ఈ భాగంలో ఆ పని ఇరవై ఏళ్లు దాటాక కూడా సాగుతుంది. భయాన్నీ ప్రమాదాన్నీ పసిగట్టే అమిగ్డలా మాత్రం పుట్టినప్పటి నుంచే పనిలో ఉంటుంది. అంటే మీ బాబుకు గంట మోగించేవాడు ఎప్పుడో వచ్చేశాడు, గంట ఆపేవాడు ఇంకా దారిలో ఉన్నాడు. వాడు వచ్చేదాకా ఆ పని మీరే చేయాలి.

ఎలాగంటే, ఇద్దరూ ఆడుకునేటప్పుడు చేయి చాపితే అందేంత దూరంలో కూర్చోండి. వంటింట్లోంచి కేకేస్తే ఈ వయసులో పనిచేయదు. చేయి లేవగానే మణికట్టు మెత్తగా పట్టుకుని ఆపండి. అనాల్సింది రెండు మూడు మాటలే: "చేయి కిందికి." "కొట్టకు" అంటే పిల్లవాడు ముందు కొట్టడాన్ని తలుచుకుని, తర్వాత దాన్ని ఆపాలి. అది రెండంచెల పని. ఏం చేయాలో చెబితే ఒక్క అంచె చాలు. తర్వాత ముందుగా దెబ్బ తగిలిన పాప దగ్గరికి వెళ్లండి. కొట్టినవాడికి పెద్ద ఉపన్యాసం ఇస్తే మీ దృష్టంతా వాడికే దక్కుతుంది.

అసలు పాఠం పదిహేను నిమిషాల తర్వాత, అందరూ చల్లబడ్డాక. రెండు బొమ్మలు తీసుకుని గొడవను మళ్లీ ఆడించండి. "కుక్కపిల్ల బంతి లాక్కుంది. ఎలుగుబంటి ఏమనాలి?" అని అడిగి, "ఇప్పుడు నా వంతు" అని వాడి నోటితోనే అనిపించండి. రోజూ మూడు నిమిషాలు చాలు. దానితోపాటు ఆగే ఆటలు ఆడించండి: పాట వస్తుంటే గెంతడం, పాట ఆగగానే బొమ్మలా నిలబడిపోవడం. కొన్నాళ్లకు తిరగేయండి: పాట వస్తే నిలబడాలి, ఆగితే గెంతాలి. బ్రేకుకు ఇంతకన్నా మంచి కసరత్తు లేదు.

పాడుచేసేవి మూడు: కోపం మీదున్నప్పుడు "ఎందుకు కొట్టావు?" అని నిలదీయడం (ఎందుకో వాడికే తెలియదు), బలవంతంగా సారీ చెప్పించి అక్కడితో వదిలేయడం, కొట్టకూడదని నేర్పడానికి మనం కొట్టడం. నెల తిరిగేసరికి పూర్తిగా మానేస్తాడని ఆశ పెట్టుకోకండి. ముందుగా కనిపించే మార్పు చాలా చిన్నది. ఎత్తిన చేయి గాల్లో ఒక్క క్షణం ఆగుతుంది, వాడు మీ ముఖంలోకి చూస్తాడు. ఆ క్షణాన్ని వదులుకోకుండా, "ఆగావు! నేను చూశాను" అనండి.

ప్రశ్న: రెండేళ్ల మా పాప చిన్నదానికీ నేల మీద పడి దొర్లుతుంది. సముదాయిస్తే ఇంకా రెచ్చిపోతుంది, పట్టించుకోకపోతే జాలేస్తుంది. ఆ సమయంలో సరిగ్గా ఏం చేయాలి?

జవాబు: మారాంకూ ఒక క్రమం ఉంది. మైకేల్ పోటెగల్ బృందం 2003లో, ఏడాదిన్నర నుంచి ఐదేళ్ల వరకు వయసున్న 335 మంది పిల్లల తల్లిదండ్రులు రాసిచ్చిన వివరాలను విడదీసి చూసింది. అందులో రెండు పాయలు కనిపించాయి. కేకలు, తన్నడం, విసరడం కోపానివి. అవి మొదట్లోనే పతాకస్థాయికి వెళ్లి దిగిపోతాయి. ఏడుపు, మూలుగు, ఒళ్లో దూరడం దుఃఖానివి. అవి మొదటి నుంచి చివరిదాకా ఉంటాయి. నాలుగింట మూడు వంతుల మారాంలు ఐదు నిమిషాల్లోపే ముగిశాయి. మొదటి అర నిమిషంలోనే కాళ్లు టపటపా కొట్టేసినా, నేల మీద పడిపోయినా మొత్తం గొడవ తొందరగా తీరిపోయే అవకాశం ఎక్కువట. మీ పాప దొర్లడం చూసి హడలిపోనక్కర్లేదు.

దీన్నిబట్టి మీరు చేయాల్సింది తేలుతుంది. కోపం మీదున్న ఆ నిమిషం, రెండు నిమిషాలూ మాట్లాడకండి. "ఏం కావాలి? ఇది కావాలా, అది కావాలా?" అన్న ప్రతి ప్రశ్నా ఆ స్థితిలో మెదడుకు ఇంకో బరువు. సముదాయిస్తే రెచ్చిపోవడానికి కారణం ఇదే. తల తగిలే వస్తువులు పక్కకు జరిపి, పాపకు కనపడేలా నేల మీదే కూర్చోండి. పైనుంచి వంగి చూడకండి. మీ ఊపిరి నెమ్మదిగా ఉంచుకోండి.

చెవులు పెట్టి వినండి. కీచుమనే అరుపు వెక్కిళ్లలోకి దిగే చోటు ఒకటి ఉంటుంది. తలుపు తెరుచుకునేది అక్కడే. అప్పుడు చేతులు చాపండి. ఒళ్లోకి వచ్చాక ఒక్క ముక్క: "నీలం కప్పు కావాలనుకున్నావు. దొరకలేదు. ఉక్రోషం వచ్చింది." 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం పెద్దవాళ్ల మెదడు స్కాన్‌లలో చూసిందేమిటంటే, చూస్తున్న ముఖంలోని భావానికి పేరు పెట్టినప్పుడు అమిగ్డలా చురుకు తగ్గి, ముందుభాగంలో చురుకు పెరుగుతుంది. రెండేళ్ల పాప ఆ పేరు తానే పెట్టుకోలేదు కాబట్టి మీరు అరువివ్వాలి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ఇవ్వదలచుకున్న వస్తువైతే మొదటి కేకకు ముందే ఇచ్చేయండి. కేక మొదలయ్యాక ఇవ్వకండి. నాలుగుసార్లు కాదని ఐదోసారి ఇస్తే, ఐదోసారి దాకా ఏడవాలనే పాఠం మెదడుకు ఎక్కుతుంది. అలా అప్పుడప్పుడూ ఫలించిన అలవాటు ఎప్పుడూ ఫలించినదానికన్నా మొండిగా అతుక్కుంటుంది.

మారాం వేళలు ఒక వారం రాసి పెట్టుకోండి. ఆకలి, నిద్ర, ఒక పని ఆపి ఇంకోదానికి మారే క్షణం, ఈ మూడింటి చుట్టూనే ఎక్కువ తేలతాయి. ఒకటి, రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు, నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఇక "ఇంకో ఐదు నిమిషాలు" అనే హెచ్చరిక రెండేళ్ల బిడ్డకు ఉత్త శబ్దమే. "ఇంకో రెండుసార్లు జారి, అప్పుడు వెళ్దాం" అంటే అర్థమవుతుంది.

ప్రశ్న: ఏడుపు మొదలుపెట్టగానే ఫోన్ ఇస్తే టక్కున ఊరుకుంటున్నాడు. నాలుగేళ్లు. నష్టం ఉందా?

జవాబు: ప్రయాణంలోనో సూది వేయించేటప్పుడో ఒకసారి ఇస్తే ఏమీ కాదు. ప్రతిసారీ అదే మందైతే బాబుకు సాధన పోతుంది. కోపం దానంతటదే ఎక్కి దిగుతుందని ఒంటితో తెలుసుకునే అవకాశం ప్రతి ఏడుపులోనూ ఉంటుంది. ఫోన్ ఆ మెట్టును దాటించేస్తుంది. ఒక్కసారిగా మాన్పించకండి. ముందు రోజులో ఒక ఏడుపు ఎంచుకోండి, మీకు తీరిక ఉన్న వేళది. ఆ ఒక్కసారికి ఫోన్ బదులు మీరు పక్కన కూర్చోండి. మొదటి వారం ఏడుపు పెరుగుతుంది, అది మామూలే. అది చూసి ఈ పద్ధతి పనిచేయలేదని అనుకుని వెనక్కి తగ్గడమే అందరూ చేసే పొరపాటు.

ప్రశ్న: మా మనవరాలికి తొమ్మిది నెలలు. ఈ వయసులో పాలు, నిద్ర చాలవా? "భావోద్వేగాలు నేర్పాలి" అని కోడలు అంటుంటే వింతగా ఉంది.

జవాబు: మీ కోడలిది నిజమే, అయితే నేర్పడానికి ప్రత్యేకంగా ఏమీ కొనక్కర్లేదమ్మా. మీ ముఖం చాలు. తొలి ఏళ్లలో మెదడు కణాల మధ్య సెకనుకు పది లక్షలకు పైగా కొత్త సంధులు ఏర్పడతాయని లెక్క. వాటిలో ఏవి నిలవాలో తేల్చేది వాడకం.

ఏడాది పిల్లలతో 1985లో చేసిన ఒక పరీక్ష ఉంది. బల్ల మీద గట్టి గాజు పలక, దాని కింద సగం నుంచి నేల లోతుకు దిగినట్టు కనిపిస్తుంది. బిడ్డ ఆ అంచుకు పాకి వచ్చి, ఎదుట ఉన్న తల్లి ముఖంలోకి చూస్తుంది. తల్లి నోరు విప్పకుండా సంతోషంగా ముఖం పెడితే 19 మందిలో 14 మంది దాటి వచ్చారు. భయం చూపిస్తే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. మాటలు రాని బిడ్డ లోకం భద్రమో కాదో మీ ముఖంలోనే చదువుకుంటోంది.

అంతకుముందే, 1970లలో, ఎడ్వర్డ్ ట్రానిక్ అనే పరిశోధకుడు తల్లులను కొద్ది నిమిషాల పాటు బిడ్డ ఎదుట ముఖంలో ఏ కదలికా లేకుండా కూర్చోమన్నాడు. బిడ్డ నవ్వుతుంది, చేతులు చాపుతుంది, కూస్తుంది. ఏ ఫలితమూ లేక ముఖం తిప్పేసుకుని కుంగిపోతుంది. తల్లి మళ్లీ నవ్వగానే కోలుకుంటుంది.

అందుకే రోజూ కాసేపు ఈ ఆట ఆడండి. పాప "బా" అంటే మీరూ "బా" అని ఆగండి. ఐదు దాకా లెక్కపెట్టుకోండి. పసి మెదడు జవాబు వెతుక్కోవడానికి మనం అనుకున్నదానికన్నా ఎక్కువ సేపు పడుతుంది, ఆలోగా మనమే మళ్లీ మాట్లాడేసి పాప వంతు లాగేసుకుంటాం. పాప ముఖం పక్కకు తిప్పితే చాలని అర్థం. వెంటపడి నవ్వించకండి. ఎప్పుడూ తాళం తప్పకూడదనే బెంగ కూడా వద్దు. మామూలు తల్లీబిడ్డల మధ్య తాళం మాటిమాటికీ తప్పుతుంది, మళ్లీ కలుస్తుంది. ఆ కలవడమే పాపకు పాఠం. కోడలు రోజుల తరబడి ముభావంగా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే మాత్రం అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. వైద్యం చేయిస్తే తగ్గుతుంది. ముందు ఆ పని చూడండి.

ప్రశ్న: తీపి ఎదురుగా పెట్టి, పదిహేను నిమిషాలు తినకుండా ఉంటే రెండోది ఇస్తామనే పరీక్ష గురించి చదివి మా అబ్బాయితో రోజూ చేయిస్తున్నాం. నాలుగేళ్లు. రెండు నిమిషాలు కూడా ఆగడు. భవిష్యత్తు ఏమవుతుందో అని భయం.

జవాబు: ఈ పరీక్ష ఇంట్లో ఆపేయండి. వాల్టర్ మిషెల్ స్టాన్‌ఫర్డ్‌లో మొదలుపెట్టిన ఆ పరీక్షకు మొదట వచ్చినంత పేరు ఇప్పుడు లేదు. 2018లో దాదాపు 900 మంది పిల్లలతో మళ్లీ చూస్తే, కుటుంబ స్థితిగతులను లెక్కలోకి తీసుకున్నాక, ఆగిన నిమిషాలకూ పదిహేనేళ్ల వయసులో చదువుకూ మధ్య సంబంధం చాలా పలచబడింది.

మీకు పనికొచ్చే పరీక్ష వేరే ఉంది. 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో 28 మంది చిన్నపిల్లలను రెండు జట్లు చేశారు. తీపి పెట్టడానికి ముందు ఒక పెద్ద మనిషి, "ఆగితే మంచి రంగు పెన్సిళ్లు తెస్తా" అని వెళ్లాడు. ఒక జట్టుకు తెచ్చిచ్చాడు. రెండో జట్టుకు, "లేవు, క్షమించు" అని ఉత్త చేతులతో వచ్చాడు. స్టిక్కర్ల విషయంలోనూ ఇంతే. ఆ తర్వాత తీపి పెడితే, మాట నిలబెట్టుకున్న జట్టు పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన జట్టు 3 నిమిషాలు. చివరిదాకా ఆగినవాళ్లు మొదటి జట్టు 14 మందిలో 9 మంది, రెండో జట్టులో ఒక్కరు. ఆగడం పిల్లవాడి నిబ్బరం ఒక్కటే కాదు, పెద్దవాళ్ల మాట మీద వాడికున్న గురి కూడా.

కాబట్టి ఈ నెల పరీక్ష మీది. "సాయంత్రం బయటికి" అన్నారంటే వెళ్లండి. వెళ్లలేమనిపిస్తే ముందే అనకండి. తప్పితే, తప్పానని ఒప్పుకుని ఎప్పుడు తీరుస్తారో చెప్పి తీర్చండి. ఆగాల్సి వచ్చినప్పుడు వస్తువును కంటికి కనపడకుండా పెట్టి చేతికి వేరే పని ఇవ్వండి. పెద్దవాళ్లం కూడా ఆశను గెలిచేది ఎక్కువగా అలాగే.

ప్రశ్న: నాలుగున్నరేళ్ల పాప అబద్ధాలు మొదలుపెట్టింది. గోడ మీద గీతలు తనే గీసి "నేను కాదు" అంటోంది. ఇప్పుడే తుంచేయాలా?

జవాబు: నాకు తెలిసింది అమ్మకు తెలియకపోవచ్చు అని గ్రహించిన మెదడే అబద్ధమాడగలదు. ఆ గ్రహింపు చాలామందిలో నాలుగైదేళ్ల మధ్య స్థిరపడుతుంది. దీన్ని 1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు పరీక్షించి చూపించారు. ఎదుటివాళ్ల బాధ ఊహించడానికీ, రహస్యం దాచడానికీ, దాగుడుమూతల్లో నోరు మూసుకుని దాక్కోవడానికీ కావలసింది ఇదే శక్తి. కాబట్టి పాపలో చెడు మొలిచిందని కాదు, ఒక మెట్టెక్కిందని.

అలాగని వదిలేయొద్దు. జవాబు తెలిసిన ప్రశ్న అడగడం మానండి. "ఎవరు గీశారు?" అంటే అబద్ధానికి పీట వేసినట్టే. "గోడ మీద గీతలున్నాయి, తుడుద్దాం రా" అని గుడ్డ చేతికివ్వండి. నిజం చెప్పినరోజు నిజానికి మెప్పు వేరు, గీతలు తుడిచే పని వేరు. రెండూ జరగాలి. నిజం చెబితే దెబ్బలు పడే ఇంట్లో పిల్లలు నేర్చుకునేది నిజం కాదు, ఇంకా నేర్పుగా దాచడం.

ప్రశ్న: ఐదేళ్ల మా బాబు కొత్తవాళ్లను చూస్తే నా వెనక దాక్కుంటాడు. బలవంతంగా తోయాలా, వదిలేయాలా?

జవాబు: రెండూ కాదు. జెరోమ్ కేగన్ నాలుగు నెలల పిల్లలకు కొత్త బొమ్మలు, వాసనలు, చప్పుళ్లు చూపిస్తే దాదాపు ఐదుగురిలో ఒకరు గట్టిగా కాళ్లూ చేతులూ ఆడిస్తూ ఏడ్చారు. బిడియస్తులయ్యే పిల్లలు వీళ్లలో ఎక్కువ. అయినా వీళ్లలో చాలామంది పెద్దయ్యాక మితిమీరిన పిరికివాళ్లు కాలేదు. పుట్టుకతో వచ్చేది మొగ్గు మాత్రమే.

ప్రతి కొత్తదాని నుంచీ తప్పిస్తే "తప్పించుకున్నాను కాబట్టే బతికాను" అని అమిగ్డలా నేర్చుకుంటుంది. తోసేస్తే "నిజంగానే ప్రమాదం" అని నేర్చుకుంటుంది. మెట్లు కట్టండి. ఆటస్థలానికి అందరికన్నా పది నిమిషాలు ముందే వెళ్లండి, చోటు అలవాటయ్యాక మనుషులు రావడం తేలిక. మొదటి వారం మీ పక్కనే ఉండి చూస్తే చాలు. తర్వాత ఒక్క పిల్లవాడితో, చేతిలో పని ఉన్న ఆట. పలకరింపు బదులు చేయి ఊపినా సరే. ఒక మెట్టు మీద ముఖం తేటపడేదాకా రెండో మెట్టుకు పోకండి. వాడి ఎదుట "మా వాడికి సిగ్గండీ" అనే మాట మాత్రం ఎవ్వరితోనూ అనకండి. "వాడికి కాస్త సమయం కావాలి" అనండి.

ప్రశ్న: నేను రెండో తరగతి టీచర్ని. వారానికి ఒక పీరియడ్ భావోద్వేగాల పాఠం చెబుతున్నాను. కోపమొస్తే ఏం చేయాలో అందరూ గడగడా చెబుతారు. విరామంలో మైదానంలో షరా మామూలే. లోపం ఎక్కడ?

జవాబు: పాఠం చల్లగా ఉన్న మెదడుకు చెప్పారు, పరీక్ష వేడెక్కిన మెదడుకు వచ్చింది. లోపం అక్కడే. మొదటి ప్రశ్నలో కార్డుల పిల్లలు గుర్తున్నారా? ఏడేళ్లకు బ్రేకు మెరుగవుతుంది, ఉద్రేకంలో మాత్రం ఇంకా జారుతుంది.

2011లో డర్లాక్, మరికొందరు పరిశోధకులు బడుల్లో భావోద్వేగాలు నేర్పే 213 కార్యక్రమాల ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. అందులో రెండు లక్షల డెబ్బై వేల మంది పిల్లలున్నారు. ప్రవర్తనతోపాటు చదువు ఫలితాలు కూడా సగటున 11 పర్సెంటైల్ (నూరు మంది వరసలో పదకొండు స్థానాలు) మెరుగయ్యాయి. బాగా పనిచేసినవాటి పోలికలు నాలుగు: అంచెలంచెలుగా సాగడం, చేసి చూపించి చేయించడం, దానికంటూ సమయం కేటాయించడం, ఏ నేర్పు నేర్పుతున్నారో పేరు పెట్టి చెప్పడం.

వారానికి నలభై నిమిషాల బదులు రోజూ ఎనిమిది నిమిషాలు పెట్టండి, అదీ విరామానికి కాస్త ముందు. మూడు వారాలకు ఒకే నేర్పు. "బంతి అడగడం" అనుకుందాం. మొదటి రెండు నిమిషాలు ఒక పిల్లవాడితో కలిసి తప్పుగా చేసి చూపించండి, తర్వాత ఒప్పుగా. అయిదు నిమిషాలు జంటలుగా చేయనివ్వండి, నిజం బంతితో, లేచి నిలబడి. ఒక రౌండ్‌లో ఎదుటివాడు "ఇవ్వను" అనాలి. ఎందుకంటే మైదానంలో వినపడేది ఆ మాటే, సాధనలో అది లేకపోతే పిల్లలు అక్కడే చిక్కుకుపోతారు. చివరి నిమిషం: "ఇవాళ ఎక్కడ వాడతారు?" మొదటి పది రోజులు మైదానంలోకి మీరూ వెళ్లి, ఎవరైనా చేస్తే అక్కడికక్కడే చెప్పండి: "అడిగి, కాదంటే పక్కకు జరిగావు." "గుడ్ బాయ్" అంటే ఏది గుడ్డో తెలియదు.

మాటల సంపద కూడా పెంచండి. చార్టు మీద కోపం, సంతోషం, భయం, బాధ అని నాలుగు ముఖాలు అతికించి ఆపేస్తాం. మన భాషలో చిరాకు వేరు, ఉక్రోషం వేరు, అలక వేరు, కినుక వేరు. అలిగినవాడికి కావలసింది బతిమాలేవాళ్లు. ఉక్రోషం వచ్చినవాడు అవమానపడ్డాడు, వాడికి నలుగురి మధ్య నుంచి కాస్త చాటు కావాలి. చిరాకుకు ఒక్కోసారి మంచినీళ్లు చాలు. పేరు సరిగ్గా పెడితే మందు సగం దొరికినట్టే. వారానికి ఒక మాట నేర్పితే ఏడాది తిరిగేసరికి ముప్పై దాటతాయి.

ప్రశ్న: పదమూడేళ్ల మా అమ్మాయి ఇంట్లో బుద్ధిగా ఉంటుంది. స్నేహితులతో ఉంటే పూనకం వచ్చినట్టు తెగిస్తుంది. ఏమైనా అంటే తలుపు ధడేల్మని వేస్తుంది. రాత్రి పన్నెండైనా నిద్రపోదు.

జవాబు: ఇంట్లో ఒకరు, బయట ఒకరు అని అనుమానించకండి. ఇద్దరూ ఒకే అమ్మాయి. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ మూడు వయసుల వాళ్లతో తెర మీద కారు నడిపించే ఆట ఆడించారు. ఒంటరిగా ఉన్నప్పటికన్నా స్నేహితులు చూస్తున్నప్పుడు 13 నుంచి 16 ఏళ్ల వాళ్ల తెగింపు బాగా పెరిగింది. 24 దాటినవాళ్లలో పెద్ద తేడా లేదు. 2011లో స్కాన్ చేసి చూస్తే, స్నేహితులు చూస్తున్నారని తెలిసినప్పుడు ఈ వయసువాళ్ల మెదడులో బహుమతికి స్పందించే భాగాలు ఎక్కువ చురుగ్గా కనిపించాయి. ప్రమాదం తెలియక కాదు. ఆ క్షణంలో మెప్పు బరువెక్కుతుంది, బ్రేకు ఇంకా పూర్తవలేదు.

అందుచేత "ఇది ప్రమాదం" అని మళ్లీ మళ్లీ చెప్పడం వల్ల ఒరిగేది తక్కువ. తప్పించుకునే దారి ముందే కట్టివ్వండి. ఒక గుర్తు మాట అనుకోండి. అది మెసేజ్ చేస్తే మీరు వెంటనే ఫోన్ చేసి "ఇంటికి రా" అని గద్దించాలి, ఆమె స్నేహితుల ముందు "మా నాన్న ఊరుకోడు" అనేసి బయటపడాలి. ఇంటికొచ్చాక ఆ రోజు ఆరాలు తీయకూడదు. ఈ షరతును మీరు ఒక్కసారి తప్పినా ఆ మాట ఇంకెప్పుడూ రాదు.

తలుపు వేసుకుంటే వేసుకోనివ్వండి. వెంటనే తలుపు తట్టి తేల్చుకోవాలనుకుంటే రెండు వేడి మెదళ్లు ఢీకొంటాయి. మర్నాడు నడుస్తూనో బండిలో పక్కపక్కన కూర్చునో మాట కలపండి. కళ్లలో కళ్లు పెట్టి చూడాల్సిన పని లేనప్పుడు ఈ వయసు పిల్లలు ఎక్కువ మాట్లాడతారు. నిద్ర సంగతికొస్తే, యవ్వనారంభంలో నిద్రవేళను తెలిపే మెలటోనిన్ అనే హార్మోన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. అది మొండితనం కాదు. అయినా 8 నుంచి 10 గంటలు కావాలి. రాత్రి ఫోన్ గది బయట ఉండాలి, మీది కూడా. సెలవు రోజుల్లో మామూలుకన్నా గంటకు మించి ఆలస్యంగా లేవనివ్వకండి. ఉదయం వెలుతురులో కాసేపు తిరగనివ్వండి. తలుపు చప్పుళ్లలో చాలా వరకు నిద్రలేమివే.

ప్రశ్న: "మొక్కై వంగనిది మానై వంగునా" అన్నారు. మా మనవడికి తొమ్మిదేళ్లు. ఆటలో ఓడితే బోర్డు విసిరికొడతాడు. వేళ దాటిపోయిందా?

జవాబు: మొక్క వయసుకు విలువ ఉంది, కాదనలేం. రుమేనియాలో 2000లో మొదలైన పరిశీలనలో అనాథ శిశుగృహాల్లోని 136 మంది పసివాళ్లలో సగం మందిని చీటీ వేసినట్టు ఎంచి పెంపుడు కుటుంబాలకు పంపారు. రెండేళ్లలోపు వెళ్లినవాళ్లు మనుషులతో అనుబంధంలో ఎక్కువ కోలుకున్నారు. కానీ అది ఏ ఒడీ దొరకని బిడ్డల సంగతి. మీ ఒళ్లో పెరిగిన మనవడి సంగతి వేరు. పైగా మెదడు మాను అయ్యేది ఇరవై దాటాకే. కౌమారంలో వాడని సంధులు రాలిపోయి, వాడినవి గట్టిపడతాయి. తొమ్మిదేళ్లంటే ఆ పనికి సరిగ్గా గుమ్మంలో ఉన్నాడు.

ఐదారు నిమిషాల్లో అయిపోయే ఆటలు ఎంచుకుని వరసగా నాలుగు ఆడండి. చిన్న ఓటములు ఎక్కువగా తగలాలి. గంటసేపు ఆడిన ఆట పోతే పెద్దవాళ్లకే కష్టం. మొదలుపెట్టే ముందే అడగండి: "ఓడిపోతే ఏం చేస్తావు?" "లేచి నీళ్లు తాగొస్తా" అన్నాడనుకోండి, అదే మాట "ఓడితే లేచి నీళ్లు తాగొస్తా" అని మూడుసార్లు అనిపించండి. ఆ క్షణంలో ఆలోచించే పని తప్పుతుంది. కావాలని ఓడిపోకండి, వాడికి తెలిసిపోతుంది. మీరు నిజంగా ఓడినప్పుడు పైకి అనండి: "అబ్బా, చిరాకొచ్చింది. ఒక్క నిమిషం... సరే, ఇంకోటి వేద్దాం." తాత చిరాకును మింగేయకుండా, విసిరేయకుండా ఎలా దించుకున్నాడో వాడు కళ్లారా చూడాలి. బోర్డు విసిరిన రోజు ముక్కలు ఇద్దరూ ఏరండి, ఆట మాత్రం ఆ పూటకు ఆపేయండి.

ప్రశ్న: ఇవన్నీ వయసుతో సర్దుకుంటాయంటారు. డాక్టరుకు చూపించాల్సినవి ఏవి?

జవాబు: ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం. ఏడాదిన్నరకు కూడా కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం. వచ్చిన మాటలు, నవ్వు, చూపు కలపడం ఏ వయసులోనైనా వెనక్కిపోవడం. ఇది కనిపిస్తే ఒక్క వారం కూడా ఆగొద్దు. మూడేళ్లు దాటినవాళ్లలో మారాంలు తరచూ ఇరవై ఐదు నిమిషాలకు మించడం, కొన్ని రోజులపాటు రోజుకు ఐదుకు మించి రావడం, తనను తాను గాయపరచుకోవడం, ఎవరూ దగ్గర లేకపోతే అసలే చల్లబడలేకపోవడం. పెద్ద పిల్లల్లో రెండు వారాలు దాటిన దిగులు, బడి మానేయడం, తిండీ నిద్రా తలకిందులవడం. చనిపోతానన్న మాట ఎంత మామూలుగా అన్నా ఆ రోజే చూపించాలి.

ముందు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. చెవులు పరీక్షించమని అడగండి. సరిగ్గా వినపడని బిడ్డ మాట వినని బిడ్డలా కనిపిస్తుంది. వెళ్లేటప్పుడు రెండు వారాల చిట్టా పట్టుకెళ్లండి: ఏ రోజు, ఏ వేళ, ముందు ఏం జరిగింది, ఎంతసేపు, ఎలా ఆగింది. ఇంట్లో జరిగినప్పుడు తీసిన నిమిషం వీడియో ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే డాక్టరు గదిలో పిల్లలు చాలావరకు బుద్ధిగానే కూర్చుంటారు.